రాబందుల లోయలో బావ

మొన్న పొద్దున్న నడకకి వెళ్ళి, నాకేమాత్రం సంబంధం లేని వ్యవహారంలో తలదూర్చి చీవాట్లు తిని ఇంటికొచ్చాను. సబ్బవరం దగ్గర కొత్తగా వెలిసిన మా కాలనీలో, మా వీధి చివర ఆరంతస్తుల అపార్ట్‌మెంటు ఒకటి లేస్తోంది. క్రేను ఇనప చువ్వల కట్టని పైకెత్తుతోంది. కింద సిగ్నల్ ఇవ్వాల్సిన పెద్దమనిషి ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో ఈగలు తోలుకుంటున్నట్టు ఊపుతున్నాడు. చువ్వల కట్ట ఒక పక్కకి ఒరిగింది. దాని కిందనుంచే ఇద్దరు ఆడవాళ్ళు ఇసక తట్టలతో నడుస్తున్నారు. స్టీల్ ప్లాంటులో ఇరవయ్యెనిమిదేళ్ళు క్రేన్ల కింద నిలబడి చేతులూపినవాణ్ణి, నా చేతులు నన్నడక్కుండానే లేచాయి. రెండు చేతులూ పక్కలకి బారజాపి, అరచేతులు కిందికి పెట్టి అడ్డంగా ఊపాను. క్రేను టక్కున ఆగింది. ఆ తర్వాత సూపర్‌వైజరు వచ్చి "ఎవురు తాతా నువ్వు? నీకేటి పని ఇక్కడ?" అని గదమాయించిన మాట నిజమే, నేను తలొంచుకుని వచ్చేసిన మాటా నిజమే. క్రేను మాత్రం ఆగింది.

ఆగి తీరాలి మరి. ఎత్తు, దించు, ఎడమకి, కుడికి అనే మాటలన్నీ సిగ్నల్‌మేన్ ఒక్కడే చేతులతో చెప్పాలి, ఇంకెవరు చెప్పినా ఆపరేటరు వినకూడదు. ఆ రెండు చేతుల సంజ్ఞ మాత్రం ఎవరు చూపించినా, టీ తెచ్చినవాడు చూపించినా, దారినపోయే తాత చూపించినా, ఆగాల్సిందే. ముందు ఆగి, ఎందుకని తర్వాత అడగాలి. నా జన్మలో ఆ సంజ్ఞకి ఆగని ఆపరేటర్ని ఒక్కణ్ణే చూశాను. ఆయన మా బావ. అదీ క్రేను మీద కాదు. అరేబియాలో, ఒమాన్ కొండల్లో, ఒక రాతి లోయలో, పక్షుల్ని చూడ్డానికి వెళ్ళిన రోజున. ఎనిమిదేళ్ళయింది. చీవాట్లు తిని ఇంటికి నడిచొస్తుంటే దారి పొడుగునా ఆ రోజే గుర్తుకొచ్చింది.

బావంటే మా అక్క భర్త. మా వైపు తమ్ముడు అక్క మొగుణ్ణీ, అక్క మొగుడు తమ్ముణ్ణీ కూడా బావా అనే పిలుచుకుంటారు. మా ఇద్దరి మాటలూ పక్కగదిలోంచి వింటే ఒక్క మనిషే తనతో తాను మాట్లాడుకుంటున్నట్టుంటుందని మా ఆవిడ అంటుంది. ఇద్దరివీ వ్యవసాయం చేసుకునే కుటుంబాలే. నేను ప్లాంటులో క్రేనుకి లోడు కట్టే ఖలాసీగా చేరితే, ఆయన హార్బర్లో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేను నేర్చుకుని, పెళ్ళైన రెండో ఏడే ఒమాన్ వెళ్ళిపోయాడు. అక్కడ ఒక రేవు పక్క యార్డులో పైపులూ దూలాలూ ఎత్తి దించే పని. ఏడాదిన్నరకోసారి నెల రోజులు సెలవు. ఆ నెలలో సగం చుట్టాల ఇళ్ళకీ, పావు ఆఫీసుల చుట్టూ తిరగడానికీ పోతే మిగిలినదే అక్కకి. మాటలు తక్కువ, పని నెమ్మది. హుక్కుకి కోడిగుడ్డు కట్టిచ్చినా పగలకుండా నేల మీద పెడతాడని ఆయనకి పేరు. ఆ పేరు ఆయన కంటే ముందు ఊరికొచ్చేది. సెలవులకొచ్చిన వాళ్ళెవరో ఒకరు మోసుకొచ్చేవారు.

నాకు పక్షుల పిచ్చి పట్టింది కూడా క్రేన్ల వల్లే. కింద నిలబడేవాడి మెడ ఎప్పుడూ పైకే ఉంటుంది. లోడు వచ్చేదాకా ఊరికే పైకి చూస్తుంటే షెడ్డు దూలాల మీద పావురాలు, వాటికోసం కాచుకున్న డేగ, వానలు వెలిశాక రిజర్వాయరు వైపు బారులు కట్టిపోయే బాతులు కనిపించేవి. కొన్నాళ్ళు ఊరికే చూశాను. తర్వాత పేర్లు తెలుసుకున్నాను. ఆ తర్వాత ఒక బైనాక్యులర్స్ కొన్నాను. ఇక ఆదివారాలు కంబాలకొండ అడవికో, భీమిలి దగ్గర ఏటి మొగకో పోయేవాణ్ణి. తెల్లారకుండానే ఈ మనిషి ఎక్కడికి పోతున్నాడా అని మా ఆవిడకి అనుమానమొచ్చి ఒకసారి నాతో బయల్దేరింది. మూడు గంటలు బురదలో నిలబడ్డాక ఆ అనుమానం శాశ్వతంగా తీరిపోయింది.

నాకున్న ఒకే ఒక్క లోటు రాబందు. చిన్నప్పుడు ఊరి బయట చచ్చిన గొడ్డుని పడేస్తే మధ్యాహ్నానికల్లా పది పదిహేను రాబందులు దిగేవి. రెక్కలు ముడుచుకుని, మెడలు లోపలికి లాక్కుని, తగువు తీర్చడానికొచ్చిన పెద్దల్లా కూర్చునేవి. తర్వాత్తర్వాత తగ్గాయి. ఎప్పుడు పూర్తిగా పోయాయో ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు. నాకు పక్షుల మీద ధ్యాస కలిగేసరికి చూద్దామంటే ఒక్కటీ లేదు. ఈ గోడు ఒకసారి ఫోన్లో బావ దగ్గర వెళ్ళబోసుకుంటే "ఇక్కడ కొండల్లో బోల్డున్నాయట బావా, మనోలు సెప్తన్నారు. నువ్వొచ్చీ, నాను తీసికెల్తాను" అన్నాడు. అప్పటికి మోకాలు మొరాయించి నేను ఉద్యోగంలోంచి ముందే బయటపడ్డాను. వీసా ఆయనే పంపించాడు. అక్క నాతో పంపిన ఆవకాయ, కందిపొడి, వేరుశనగ ఉండలు కలిపి నా బట్టలకంటే బరువు తూగాయి.

బావ గదిలో ఆయనతోపాటు భీమిలి మనిషొకడు ఉండేవాడు. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం, నడివయసు, గొంతు పెద్దది. పడవ మీంచి ఒడ్డుకి కేకేసే అలవాటు గదిలో కూడా పోలేదు. బావ క్రేనుకి సిగ్నల్‌మేన్ ఆయనే, గదికి వంటవాడూ ఆయనే, పాత కారొకటి ఉంటే దానికి డ్రైవరూ ఆయనే. మాకు చేప ముల్లు తీసుకోవడం చేతకాదని, రైతుబిడ్డలకి పప్పే రాసిపెట్టుందని వెక్కిరిస్తూనే పెద్ద ముక్కలన్నీ మా కంచాల్లో వేసేవాడు. నేను దిగిన మర్నాడు యార్డు కంచెదాకా తీసుకెళ్ళి బావ పని చేస్తుండగా చూపించాడు. క్రేను కేబిన్‌కి సరిగ్గా ఎదురుగా పసుపు రంగేసిన చెక్క దిమ్మ ఒకటుంది. సిగ్నల్ ఇచ్చేవాడు దాని మీదే నిలబడాలి, అడుగు పక్కకి వెయ్యకూడదు. క్రేను ఎటు జరిగినా ముందు దిమ్మని తెచ్చి ఎదురుగా పెట్టాకే లోడు లేస్తుంది. "రెండేళ్ళ బట్టీ మీ బావ పెట్టిన రూలిది. మిగతా క్రేన్లోళ్ళు నవ్వుతారు. నవ్వనీ. మా హుక్కు కింద ఇంతవరకూ ఎవుడికీ గోరు కూడా ఊడలేదు" అన్నాడు భీమిలి మనిషి. నాకు గర్వంతో ఛాతీ పొంగింది. సిగ్నల్‌మేన్లు ఇష్టమొచ్చిన చోట నిలబడి, ఆపరేటర్లు మెడలు తిప్పుకుంటూ వాళ్ళని వెతుక్కునే షెడ్డుల్లో పనిచేసిన వాణ్ణి. ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదని ఆ రాత్రి భోజనాల దగ్గర బావతో అన్నాను కూడా. ఆయన తలొంచుకుని మజ్జిగన్నం కలుపుకున్నాడు. పొగిడితే సిగ్గుపడే మనిషి కదా అనుకున్నాను. ఆ పూట ఆయన మోచెయ్యి తగిలి నా పక్కనున్న నీళ్ళ గ్లాసు రెండుసార్లు దొర్లింది. వయసొస్తోంది పాపం అనుకున్నాను.

శుక్రవారం అక్కడ సెలవు. తెల్లవారుతూనే ముగ్గురం బయల్దేరాం. కారు భీమిలి మనిషి తోలుతున్నాడు, బావ ఆయన పక్కన, నేను వెనక అన్నం గిన్నెల మధ్య. నువ్వు డ్రైవింగ్ మానేశావేమని అడిగితే బావ "సెలవు పూట కూడా మిషనేటి బావా" అన్నాడు. ఇంత దూరం విమానమెక్కి వచ్చినందుకు నేను మొదట చూసిన పక్షి కాకి. అచ్చం మనదే, మెడ దగ్గర బూడిద రంగుతో సహా. రెండోది గోరింక. ఇక కొండలు మొదలవుతుండగా కరెంటు తీగ మీద పాలపిట్ట. అది రెక్కలు విప్పి నీలాలు చూపిస్తూ రోడ్డుకి అడ్డంగా ఎగిరితే భీమిలి మనిషి కారు పక్కకి ఆపి దండం పెట్టాడు. దసరా కాదు కదా అని నేనంటే, "పిట్టకి దసరా అని తెల్దు, మనకి పిట్టని తెల్సు కదా" అన్నాడు. బావ కూడా చేతులు జోడించాడు. పాలపిట్ట ఎడమ పక్క పొదమీద వాలితే, ఆయన దండం ఎదర రోడ్డుకి పెట్టాడు. నాకు నవ్వొచ్చింది. అప్పుడది నవ్వులాటే.

ఆ లోయ సంగతి ఎంత చెప్పినా తక్కువే. మన వైపు కొండంటే కొంచెమైనా పచ్చదనం ఉంటుంది, జీడిమామిడో, సరుగుడో, ఏదో ఒకటి. అక్కడ కొండంటే రాయే. గోధుమ రంగు రాయి, బొగ్గు రంగు రాయి, మధ్యమధ్య కాల్చిన ఇటుక రంగు చారలు. రెండు వైపులా గోడల్లా లేచిన రాతి మధ్య, అడుగున గులకరాళ్ళ వాగు, అక్కడక్కడ మోకాలి లోతు మడుగులు, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే చేపపిల్లల నీడలు అడుగున ఇసక మీద కదులుతున్నాయి. మడుగు చూడగానే భీమిలి మనిషి పక్షుల సంగతి మర్చిపోయి అక్కడే చతికిలబడ్డాడు. అవతలి వైపు కొండ నడుముని తొలిచి, కింద ఊళ్ళో ఖర్జూరపు తోటలకి నీళ్ళు తీసుకెళ్ళే సన్నటి కాలవ కట్టారు. ఎన్ని తరాల కిందట కట్టారో ఏమో, దాని గట్టే అక్కడ కాలిబాట. ఎవరో ఊరి పెద్దాయన గాడిదతో ఎదురొచ్చి, మేమెవరమో అడక్కుండానే చెరో గుప్పెడు ఖర్జూరాలు చేతుల్లో పోసి వెళ్ళాడు.

పక్షులు బాగానే కనిపించాయి. కళ్ళ చుట్టూ సున్నం పూసుకున్నట్టుండే పిగిలిపిట్టలు, రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ తోక ఊపే నల్లా తెలుపూ పిట్ట ఒకటి, పూలే లేనిచోట ఏం తాగుతున్నాయో తెలియని తేనెపిట్టలు. బావకి బైనాక్యులర్స్ ఇచ్చి గురి చూపిస్తే నాకంటే బాగా చూసేవాడు. పిగిలిపిట్ట తోక కింద పసుపుందని ఆయనే చెప్పాడు. కానీ గురి నేను చూపించాలి. ఊరికే "అదిగో, కుడివైపు" అంటే లాభం లేదు. ఒకసారి ఏటవాలు మీద కౌజుపిట్ట ఒకటి కదులుతోందని చూపించాను. ఆయన తల పూర్తిగా తిప్పకుండానే "ఆఁ, బలే ఉంది బావా, ఎంత బేగి నడుత్తందో" అన్నాడు. నేను కళ్ళు నులుముకుని మళ్ళీ చూస్తే అది కౌజు కాదు, రాయి. నా పొరపాటుకి నాకు సిగ్గేసింది, అందుకే ఆయనకి చెప్పలేదు. నన్ను సంతోషపెట్టడానికి అలా అన్నాడులే అని సరిపెట్టుకున్నాను.

పదిగంటల వేళ ఎండ లోయలోకి దిగింది. నా మోకాలు ఇక ఎక్కనంది. నేను ఇవతల ఒక బండ మీద కూర్చున్నాను, బావ వాగు దాటి అవతలి కాలవ గట్టు మీద నడుచుకుంటూ పైకి పోతున్నాడు. మా ఇద్దరి మధ్య దూరం మా షెడ్డు వెడల్పుకంటే ఎక్కువుండదు. పక్షుల దగ్గర అరవకూడదు కాబట్టి ఏదైనా కనిపిస్తే క్రేను సంజ్ఞలతో చెప్పుకుందామని ముందే అనుకున్నాం. ఇద్దరికీ అంతకంటే బాగా వచ్చిన భాష లేదు. అప్పుడు కనిపించింది. బావకి ఇరవై గజాల ముందు, కాలవకి కొంచెం పైన, రాతి అరుగు మీద రాబందు. ముడతల పసుపు ముఖం, మాసిన తెల్ల ఒళ్ళు. చిన్నప్పుడు ఊరి బయట వదిలేసిన దాన్ని సముద్రం దాటి వచ్చి పట్టుకున్నట్టు అనిపించింది. బావ ఇంకో పది అడుగులు వేస్తే అది ఎగిరిపోతుంది. నేను లేచి నిలబడి రెండు చేతులూ చాచి, ఆగమన్నాను.

బావ నడుస్తూనే ఉన్నాడు. ఇంకా పెద్దగా ఊపాను. నేనున్నది ఆయన ఎడం భుజానికి సూటిగా, మధ్యన చెట్టు లేదు, పుట్ట లేదు, ఎండ నా మీదే పడుతోంది. ఎక్కడో కొసన గుడ్డపేలిక కదిలినా ఆపరేటరు ఆగుతాడు. ఆయన ఆగలేదు. రాబందు లేచి, ఆయన తల పక్కనుంచే, రెక్కల గాలి తగిలేంత దగ్గరగా జారిపోయింది. ఆ చప్పుడుకి బావ ఉలిక్కిపడి, నిలబడి, అటూ ఇటూ తల తిప్పి వెతికాడు. అది ఆయన ఎడం పక్కనే ఉంది. ఆయన ఆకాశమంతా వెతికాడు.

నేను వాగులోకి దిగి, మోకాలు ఏమైతే అయిందని గులకరాళ్ళ మీద నడిచి, ఆయనకి సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడ్డాను. మళ్ళీ చేతులు చాచాను. ఆయన వెంటనే గుర్తుపట్టి "ఏటి బావా?" అన్నట్టు చెయ్యెత్తాడు. నాలుగడుగులు పక్కకి జరిగి మళ్ళీ చాచాను. ఆయన నేనింతకుముందు నిలబడిన ఖాళీ చోటు కేసి చూస్తూ ఉన్నాడు. ఆ నిమిషంలో నాకు పసుపు దిమ్మ అర్థమైంది. నేను భోజనాల దగ్గర పొగిడిన క్రమశిక్షణ అర్థమైంది. ఆయనకి ఎదరున్నది తప్ప చుట్టూ ఏమీ కనిపించడం లేదు. ఆ చూపుతో రోజూ టన్నుల కొద్దీ ఇనుము మనుషుల నెత్తిమీంచి తిప్పుతున్నాడు. నిజం చెప్పొద్దూ, ఏమీ చూడనట్టు తిరిగి కారెక్కేద్దామనిపించింది.

కాలవ గట్టు దిగి వచ్చాక ఆయన్ని బండ మీద కూర్చోబెట్టి అడిగాను. "ఎన్నాళ్ళ బట్టి బావా?"

"ఏటి ఎన్నాళ్ళు?"

"ఆ రాబందు నీ చెవి పక్కనుంచి పోయింది. నీకు కనపళ్ళేదు."

ఆయన బండ పక్కనున్న గడ్డిపరక తెంపి ముక్కలు చేశాడు. "రెండేళ్ళు దాటింది. మొన్న సెలవుకొచ్చినప్పుడు సీతమ్మధారలో సూపించుకున్నాను. కంటి లోపల నరం ఎండిపోతందన్నాడు డాట్రు. పోయింది మరి రాదంట. ఉన్నది నిలబడ్డానికి సుక్కలిచ్చేడు, ఏసుకుంటన్నాను. మీ అక్కకి సెప్పలేదు."

"మరి మీ మెడికల్లో?"

"గోడమీద అచ్చరాలు సదివించారు. ఎదర ఉన్నయ్యే కదా, అన్నీ సదివేసాను. పాసు." నవ్వబోయి మానేశాడు. "అందుకే కదా దిమ్మ పెట్టించాను. దిమ్మ మీదున్నోడు నాకు బాగా కనిపిత్తాడు."

"దిమ్మ మీద లేనోడో?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. నా మీద ఆయన గొంతు లేవడం అదే మొదలు, అదే ఆఖరు. "నువ్వు పిట్టల్ని సూడ్డానికొచ్చావు, పిట్టల్ని సూసుకో. నన్నేటి సూత్తన్నావు? ఇంకో పద్నాలుగు నెల్లు బావా, కాంట్రాక్టు అయిపోద్ది, ఎవులికీ తెల్దు, దిగిపోతాను. ఇన్నేళ్ళలో ఒక్కడికి దెబ్బ తగిల్నివ్వలేదు నాను. ఆ పేరు తోటే దిగనీ." ఆ గొంతులో కోపం కంటే బతిమాలడమే ఎక్కువుంది. నాకు ఏడుపొచ్చింది. ఆయన చేతులు పట్టుకుని, ఆ పేరు నిలవాలంటే రేపు ఎక్కకూడదన్నాను. నువ్వు చెప్పకపోతే నేను చెప్పి వెళ్తానన్నాను. ఇంటి పెద్దల్లుడితో అలా మాట్లాడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

మడుగు దగ్గరికి తిరిగొచ్చేసరికి భీమిలి మనిషి చాప పరిచి అన్నం, వేయించిన చేప ముక్కలు పెట్టి సిద్ధంగా ఉన్నాడు. ఎప్పటిలాగే ముల్లు తక్కువున్న ముక్క తీసి బావకి వేశాడు, సరిగ్గా కంచం మధ్యలో. బావ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, నన్ను కాదు, ఆయన్ని చూసి అన్నాడు. "ఒరే, రేపట్నించి నాను కేబిన్ ఎక్కను. నాకు పక్కలు కనిపించట్లేదు. నీకు సెప్పకుండా రెండేళ్ళు నిన్ను హుక్కు కింద నిలబెట్టేను."

భీమిలి మనిషి చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నాడు. "నాకు తెల్సు అన్నా" అన్నాడు, ఆ పెద్ద గొంతు తగ్గించి. "దిమ్మ ఏసిన నెలకే తెల్సింది. అందుకే సెలవు కూడా పెట్టలేదు నాను. వేరే ఎవుడైనా వొచ్చి ఆ దిమ్మ దిగి పక్కకెల్తే? నాకైతే తెల్సు కదా, దిగను." ఆ మాట విన్నాక మా ముగ్గురిలో ఎవరం సరిగ్గా తినలేదు. ఇద్దరూ కలిసి చేసిన ఈ మూర్ఖపు పనికి ఇద్దర్నీ వాగులో ముంచాలన్నంత కోపమొచ్చింది నాకు. ఒకరికోసం ఒకరు ఇలా ప్రాణాలు పెట్టుకున్నారే అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండూ ఒకేసారి.

గిన్నెలు సర్దుతుండగా కొండ కొమ్ముమీంచి మళ్ళీ రాబందు వచ్చింది, ఈసారి రెండు. చాలా ఎత్తున, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతున్నాయి. బావ కళ్ళకి బైనాక్యులర్స్ పెట్టి, రెండు చెంపలూ నా అరచేతుల్లో పట్టుకుని, ఆయన తలని నెమ్మదిగా తిప్పాను. ఆయన ఎదురు చెప్పలేదు. "ఆగు, ఆగు, దొరికింది" అన్నాడు. పక్షి తిరిగిన కొద్దీ నేను తల తిప్పుతున్నాను. "ఇంతదేటి బావా! రెక్క చివర ఏళ్ళలాటి ఈకలు కూడా కనిపిత్తన్నాయి" అన్నాడు. అలా ఎంతసేపు చూశామో తెలీదు. నేను మాత్రం బైనాక్యులర్స్ లేకుండా, ఆయన నోటితోనే వాటిని చూశాను.

మర్నాడు బావ ఫోర్‌మేన్‌కి తానే చెప్పాడు. నాలుగు నెలలు స్టోర్లో కూర్చోబెట్టి ఇంటికి పంపించారు. అసలు సంగతి బావ నోటినుంచే రావాలని నేను చెప్పలేదు; ఈలోగా అక్క, అది తెలియక, తమ్ముడు పిట్టల్ని చూడ్డానికెళ్ళి మొగుణ్ణి క్రేను దింపేసి వచ్చాడని వీధి వీధంతా చెప్పింది. ఆ నాలుగు నెలలూ నాకు అక్క ఇంట్లో మంచినీళ్ళు కూడా మా ఆవిడ అడిగితేనే దొరికేవి. బావ వచ్చి, కూర్చోబెట్టి అంతా చెప్పిన మర్నాడు అక్క మా ఇంటికొచ్చి వాకిట్లో కుర్చీలో కూర్చుంది. "రోజూ ఫోన్లో నవ్వుతూనే మాటాడేవోడు కదరా" అంది. అంతే, ఇక ఆపుకోలేకపోయింది. మా ఆవిడ ఆమెని లోపలికి తీసుకెళ్ళింది. నేను వాకిట్లోనే ఉండిపోయాను.

ఇప్పుడు వాళ్ళు మాకు రెండు వీధుల అవతలే ఉంటున్నారు. పూటకి ఇన్ని చుక్కలని అక్కే వేస్తుంది, వేళ తప్పదు. మూణ్ణెల్లకోసారి సీతమ్మధారకి నేను తీసుకెళ్తాను. డాక్టరు ఏదో పటం తీసి చూపిస్తాడు, అందులో చూపు పోయిన నల్లటి భాగం ఒక్కొక్కసారి అలాగే ఉంటుంది, ఒక్కొక్కసారి కొంచెం పెరుగుతుంది. మిగిలింది ఎన్నాళ్ళుంటుందని ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. భీమిలి మనిషి కూడా ఊరికొచ్చేశాడు. వేట బాగున్న రోజు చేపలు పట్టుకుని బస్సెక్కి వస్తాడు, ముల్లు తీయడం మాకింకా రాలేదని తిడతాడు.

నిన్న పొద్దున్న వాళ్ళింటికెళ్ళాను. బావ వరండాలో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. అక్క ఎదురుగా గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆయన టీ తాగకుండా ఆమెనే చూస్తున్నాడు. నేనొచ్చిన సంగతి ఆయనకి తెలియలేదు, నేను పక్కన ఉన్నాను కదా.

"ఏటలా సూత్తావు పొద్దున్నే? మొకానికేటైనా అంటిందేటి?" అంది అక్క.

"ఏటీ లేదు" అన్నాడు. "సూపులో ఇల్లు పట్టట్లేదు, వాకిలి పట్టట్లేదు. నీ మొకం మాత్రం మొత్తం పడతంది."

అక్క తల దించుకుని చిక్కుడుకాయ తుంచింది. "టీ సల్లారిపోద్ది" అంది, కానీ అక్కణ్ణించి కదల్లేదు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. ఏడాదిన్నరకోసారి ఇల్లు చేరి, ఒక నెలలో చూసి వెళ్ళిపోయిన ముఖమది. దాన్ని చూసుకోవడానికి ఆ మనిషికి ఇప్పటికి తీరిక దొరికింది, ఎంత కాలానికో తెలీదు, ఎంతైతే అంత.